సాకేత్‌లో కుండలు పాతిన తోట

జూన్‌లో మా ద్వారక అపార్ట్‌మెంట్ సొసైటీకి నీళ్ల టాంకర్ వచ్చిన రోజే పండగ. ఆ ఆదివారం సాయంత్రం మీటింగ్ పెట్టారు. నీళ్లు చాలడం లేదు కాబట్టి, కింద మొక్కలూ లానూ ఉన్న చిన్న తోటను తీసేసి సిమెంటు వేయాలా వద్దా అన్నదే విషయం. ఆ తోట చూసుకునేది నేనే కాబట్టి తెల్లవారినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోయాను. మావారి ఆఫీసులో రిటైరైన సుభద్రగారు సాకేత్‌లో పైపు పట్టకుండానే తోట పెంచుతున్నారని విని ఫోన్ చేశాను. "చెబితే తెలియదమ్మా, వచ్చి చూడు" అన్నారు.

ఎండ ముదరకముందే బయలుదేరాను. ధౌలా కువాన్ దాకా బస్సు, టికెట్ పది రూపాయల లోపే. అక్కడి నుంచి ఆటో. గంటన్నరలో చేరవచ్చు కానీ దారిలో ట్రాఫిక్ కదలలేదు. నేను మాటిమాటికీ వాచీ చూస్తుంటే డ్రైవర్ అద్దంలోంచి, "దీదీ, ఘడీ దేఖ్‌నే సే బత్తీ హరీ నహీ హోగీ" అన్నాడు. గడియారం చూస్తే లైటు పచ్చబడదట. అయినా చూస్తూనే ఉన్నాను.

సుభద్రగారి పెరట్లో మల్లె, కరివేపాకు, గోంగూర ఆ ఎండలోనూ తలవంచలేదు. వాటి మధ్య కుండలు మెడ దాకా పాతి, పైన మూకుళ్లు పెట్టి ఉన్నాయి. "బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు వీటిలో పోస్తా. కుండ చెమర్చిందల్లా వేళ్లు తాగుతాయి" అంటూ ఎండుటాకులు పక్కకు జరిపి నా వేలు మట్టిలో పెట్టించారు. చల్లగా తగిలింది.

"మరి లాన్ ఎలా కాపాడారండీ?"

"కాపాడలేదు, తీసేశా. నీళ్లన్నీ అదే తాగేది."

పక్కనే ఉన్న ఆవిడ కూతురు నవ్వింది. "ఆంటీ, మైనే మమ్మీ సే బాత్ కర్నా బంద్ కర్ దియా థా." లాన్ పోయిందని అమ్మతో మాట్లాడడం మానేసిందట. నాకు నవ్వు రాలేదు. మా లాన్ నేను నా చేతులతో పరిచినది.

ఎండ తగ్గాక తిరుగుదారిలో రోడ్డు పక్కన నాలుగు కుండలు కొని బస్సెక్కాను. ఒకటి కుదుపుకు పగిలింది. నేను చేరేసరికి మీటింగ్ మొదలైపోయింది.

"మిసెస్ రావ్, పీనే కా పానీ నహీ హై" అన్నారు సొసైటీ సెక్రటరీ అంకుల్. తాగడానికే నీళ్లు లేవట.

"ఠీక్ హై అంకుల్. లాన్ తీసేద్దాం. మొక్కల్ని మాత్రం వానల దాకా ఉండనివ్వండి, వాటికి టాంకర్ నీళ్లు అడగను" అన్నాను హిందీలో.

కాసేపు వాదనలు నడిచాయి. చివరికి ఒప్పుకున్నారు.

మర్నాడు గడ్డి నేనే పీకి, మిగిలిన మూడు కుండలూ మొక్కల మధ్య పాతాను. వానలొచ్చేలోగా రెండు మొక్కలు ఎండిపోయాయి, మిగతావి నిలిచాయి. నీటి పొదుపంటే పంపు కట్టేయడమే అనుకునేదాన్ని. ఇష్టమైనదాన్ని మన చేతులతోనే తీసేయవలసి వస్తుందని ఆ ప్రయాణంలోనే తెలిసింది. ఆ ఖాళీ నేలను చూస్తే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

మీరూ కుండలు కొనబోతే రంగు వేసినవి తీసుకోకండి. కొట్టు దగ్గరే నీళ్లు పోయించి కాసేపు ఆగండి. బయట చెమ్మ తేలని కుండ మొక్క దాహం తీర్చదు.