వేట లేని రెండు నెలలు

మా మామ పోయాడన్న కబురు శివరాత్రి వెళ్లిన వారంలో వచ్చింది. తిరుపతి బస్టాండు దగ్గర నాకో చిన్న కళ్లద్దాల అంగడి ఉంది. షట్టరెత్తి గాజుపెట్టెలు తుడుస్తుంటే పలమనేరు నుంచి మామ కొడుకు ఫోన్ చేశాడు. "నాయన ఇంక లేడొదినా. పాలకేంద్రానికి పోయొచ్చినాడు, కాఫీ తాగినాడు, మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అన్నాడు. షట్టరు దించి బస్సెక్కాను. దారి పొడవునా ఏడ్చానని చెబితే అబద్ధం. చంద్రగిరి దాటేదాకా ఏడ్చాను. ఆ తర్వాత మామ పడవ గుర్తుకొచ్చింది. నవ్వు ఆపుకోలేక, పక్కనున్నవాళ్లు ఏమనుకుంటారోనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మామను ఎరిగినవాళ్లెవరికైనా అంతే, ఆయన్ను తలుచుకుని పూర్తిగా ఏడవడం కుదరదు.

మామ మా అమ్మకు తమ్ముడు. ఆవులు మేపి, పాలు పోసి బతికిన మనిషి. పలమనేరు చల్లగాలి తప్ప మరో గాలి తనకు పడదనేవాడు. అలాంటివాడికి పెద్దవాళ్లు సముద్రం ఒడ్డు పిల్లను తెచ్చి చేశారు. అత్త పుట్టిల్లు వాకాడు అవతల, ఏరు వెళ్లి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక చిన్న రేవు. అత్త తండ్రికి అక్కడ వలలు, తాళ్లు అమ్మే అంగడి ఉండేది. ఆ రేవు నుంచి వేటకు పోయే ప్రతి పడవలోనూ అత్త చిన్నప్పుడు మూరేసి కోసిచ్చిన తాడు ఉండేదట.

పెళ్లయిన కొత్తలో మామ అడిగాడట, "పడవలో పోతే ఎట్లుంటాది మే?" అని.

"నాకేం తెలుసు? ఆడోళ్లెక్కితే వల ఖాళీగా వస్తాదని మా రేవులో పడవెక్కనీరు. మోకాటి లోతు దాటి నేనెరగను" అంది అత్త.

"ఆవులోళ్లింట్లో పుట్టి పాలు తాగలేదన్నట్టుండాదే!" అని మామ ఆశ్చర్యపోయి, "నిన్నొగసారి సముద్రం మీద నుంచే మీ ఊరికి తీసకపోతా, సూస్తా ఉండు" అన్నాడట.

అనడానికేం, కొత్త పెళ్లికొడుకు ఏమైనా అంటాడు. ఆవులున్న ఇంట్లో పొద్దునా సాయంత్రం పాలు పితకాలి. పొద్దుటి వంతు మామది, సాయంత్రం వంతు అత్తది. పెళ్లయినా చావయినా ఒకరు వెళితే ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. వయసంతా అలాగే గడిచిపోయింది. ఇద్దరూ కలిసి ఒక్క రాత్రి ఊరి బయట ఉన్నది లేదు. అత్త ఆ మాట ఎప్పుడూ గుర్తు చేయలేదు. మామ మాత్రం మరిచిపోలేదు.

కొడుకు పాలు పితికే మిషన్ పెట్టించాక మామ చేతులకు పని తగ్గింది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారి ఒకాయన సరదాకి కొని, సరదా తీరాక మూల పడేసిన చిన్న ఫైబర్ పడవ ఉందని ఎవరో చెప్పారు. మామ వెళ్లి బేరం చేసి కొనేశాడు. మోటారుతో సహా. ఇంట్లో అందరూ ముసలాయనకు మతి పోయిందని చాటుగా అనుకున్నారు. నేను మొహానే అన్నాను.

"ఈతొచ్చా మామా నీకు?"

"ఆవుకు ఎవురు నేర్పించినారు పాపా? ఏట్లో పడితే అది ఈదదా?"

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? అయినా తెగించి నీళ్లలోకి దిగిపోలేదు లెండి. దుగరాజపట్నం వైపు పడవ నడిపే ఒక ముసలి సరంగు పక్కన ఓ వేసవంతా కూర్చుని నేర్చుకున్నాడు. "పడవకు బ్రేకులుండవు పాపా. ఆగాలనుకుంటే ముందుగాల్నే అనుకోవాల" అని నాకు పాఠం చెప్పేవాడు. ఆ మాట నా సంసారానికి కూడా బాగా పనికొచ్చింది.

ఎండాకాలంలో రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఊళ్లలో పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. సరిగ్గా ఆ నెలల్లోనే వీళ్లిద్దరి ప్రయాణం. పలమనేరు నుంచి బస్సులో వచ్చి ఒక రాత్రి మా ఇంట్లో ఉండి, మర్నాడు రైల్లో గూడూరు, అక్కడి నుంచి పడవ ఉంచిన రేవుకు మళ్లీ బస్సు. పొద్దున్నే గాలి లేవకముందే పడవ తీసి, ఒడ్డు కనబడేంత దూరంలోనే పోయి, ఎండెక్కేలోపు ఏదో ఒక చిన్న రేవులో దిగేవాళ్లు. లైఫ్ జాకెట్ మీద తువ్వాలు, నేనిచ్చిన నల్లద్దాలు, ఇదీ మామ వేషం. ఒకసారి తీరం పోలీసులు ఆపి, వల ఎక్కడ దాచారని పడవంతా వెతికితే సంగటి ముద్దలూ ఊరుబిండి పచ్చడీ దొరికాయట. వాళ్లకూ తలా ఒక ముద్ద పెట్టి పంపించింది అత్త.

పొద్దుటి వంతు, సాయంత్రం వంతు పడవలోనూ పోలేదు. మామ అత్తకూ నడపడం నేర్పాడు, వెళ్లేటప్పుడు మోటారు మామది, తిరిగొచ్చేటప్పుడు అత్తది. మోటారు మొరాయిస్తే మామ దాని మీద చెయ్యేసి, "దా తల్లీ, దా" అని బుజ్జగించేవాడు. దిగాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఒకసారి నిమిరి వచ్చేవాడు. అత్తకు నవ్వు. "గడ్డి గూడా ఎయ్యయ్యా, పస్తుంటాది" అనేది.

మామ చేసిన ఘనకార్యం ఒకటి ఆ తీరమంతా చెప్పుకున్నారు. ఒక రేవులో పోటు మీద నీళ్లు నిండుగా ఉన్నప్పుడు దిగి, పడవను గట్టు మీద గుంజకు కట్టాడు. ఎలా కట్టాడు? పాడి ఆవును కట్టినట్టు, కురచగా, బిగించి. తాళ్ల అంగడిలో పెరిగిన అత్త తాడు వదులు చేయమని చెప్పింది. మామ వింటేనా! ఇద్దరూ మూసి ఉన్న ఐసు ఫ్యాక్టరీ నీడన అన్నం తిని కునుకు తీశారు. లేచి చూసేసరికి నీళ్లు కిందికి దిగిపోయాయి. పడవ ముక్కుతాడుకు వేలాడుతూ తోక మాత్రం నీళ్లలో పెట్టుకుని ఉంది. చెప్పులు, క్యారియరు, మామ గొడుగు రేవులో తేలుతున్నాయి. వలలు బాగుచేసుకునేవాళ్లంతా పరిగెత్తుకొచ్చి, "ఎవరబ్బా ఇట్ట కట్టింది?" అని అడిగితే, మామ తల గోక్కుంటూ, "మా ఊర్లో తాడు పొడుగ్గా ఇడిస్తే పక్కోడి సేన్లో మేస్తాదప్పా" అన్నాడట. పెళ్లయ్యాక ఆ రోజు నవ్వినంతగా ఇంకెప్పుడూ నవ్వలేదని అత్తే నాతో చెప్పింది.

అన్ని రేవులూ తిరిగారు కానీ అత్త పుట్టిన రేవుకు మాత్రం పోలేదు. తండ్రి పోయాక అంగడి నడిపే అత్తవాళ్ల అన్న ముందే చెప్పేశాడు, వేరే ఎక్కడన్నా తిరగండి, మా రేవులోకి మాత్రం ఆడమనిషిని పడవలో తేవద్దని. రెండు వేసవులు వీళ్లు దానికి ముందున్న రేవు దాకా పోయి వెనక్కి తిరిగారు. అత్త మోటారు నడుపుతూనే వెనక్కి వెనక్కి చూసేది. అది చూసి మామకు తిండి సహించేది కాదు.

పోయినేడు మామ తేల్చుకున్నాడు. "నువ్వు రోడ్డు మీద ముందు పోయి వాళ్లను మాటల్లో పెట్టు పాపా" అని నన్ను పంపించాడు. నేను బస్సులో వెళ్లి అంగడి అరుగు మీద అత్తవాళ్ల వదినతో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. కళ్లు మాత్రం మొగ వైపే. మొగలోంచి పడవ రావడం చూసి అత్త అన్న పంచె ఎగ్గట్టి నీళ్ల దగ్గరికి పోయాడు.

"బావా, ఆడనే ఆగు! చెల్లెల్ని రేవుకు అవతల దింపు. నడిచి వస్తాదిలే."

"ఎందుకప్పా?"

"ఎందుకో నీకు తెలవదా? వేట పాడవతాది."

"రెండు నెల్లు ఏటే లేదు గదా బావా. లేని ఏట ఎట్ల పాడయితాది?"

వలల దగ్గర ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఈ రెండు నెల్ల తర్వాత మేం బతకాల్సిన పన్లేదా?" అన్నాడు. మామ అత్త వైపు తిరిగి, "సరేలే మే, ఎనక్కి పోదాం పా" అని మోటారు తిప్పబోయాడు.

అప్పుడు అత్త లేచి నిలబడి, పడవ తాడు చుట్ట తీసి ఒడ్డుకు విసిరింది.

ఆ రేవులో ఒక పద్ధతుంది. పడవ నుంచి ఎవరు తాడు విసిరినా దగ్గరున్న మనిషి పట్టుకోవాల్సిందే. మాటలు మానేసినవాడైనా, పగవాడైనా సరే, విసిరిన తాడును నీళ్లలో పడనివ్వరు. అత్త అన్న చేతులు ఆయన్ను అడగకుండానే లేచి తాడు పట్టుకున్నాయి. పట్టుకున్నాక దానివైపు చూసుకున్నాడు, చెల్లెలి వైపు చూశాడు. మెల్లిగా పడవను లాగి గుంజకు కట్టి, "వదులుగా కట్టినా బావా. నీ మాదిరి కాదు" అన్నాడు. అత్త నీళ్లలోకి దిగి ఏడుస్తూ పుట్టింటి గట్టెక్కింది. మామ ఎండుచేపల పులుసుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిని అరుగు మీద పడుకుని గురక పెట్టాడు. నేను ఆయన్ను అంత నిబ్బరంగా ఎప్పుడూ చూడలేదు.

కర్మ రోజున అత్త అన్న కూడా పలమనేరు వచ్చాడు. ఇంక పడవెందుకు, అమ్మేద్దామని కొడుకు అన్నాడు. వేట ఆపే నెల రాగానే అత్త సంచి సర్దుకుంది.

"ఏడాది తిరక్కుండా ఎట్ల పోతావుమా? నలుగురూ ఏమంటారు?" అని కొడుకు అడ్డం పడ్డాడు.

"ఆయన వంతు ఆయన సేసి పోయినాడు. సాయంత్రం వంతు నాది గదరా" అంది అత్త. కొడుకు నన్ను తోడు పంపించాడు.

అలా ఈ వేసవిలో నేను మొదటిసారి ఆ పడవెక్కాను. అల లేచినప్పుడల్లా నేను పడవ అంచు పట్టుకుంటుంటే అత్త నన్ను ఎగతాళి చేసింది. మొగ దాటి అత్త పుట్టిన రేవు చేరేసరికి ఆమె అన్న నీళ్లలో నిలబడి ఉన్నాడు. పడవ కట్టి, అంగడి వైపు తిరిగి భార్యను పిలిచాడు. "మీ వదినను గూడా ఒక చుట్టు తిప్పి తీసకరామ్మా. బావ ఉండుంటే ఈపాటికి అడిగేవాడు" అన్నాడు. వదిన తిట్టుకుంటూనే ఎక్కింది. ఈ వయసులో నాకేంది ఈ ఖర్మ అంటూ, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య అదిమి పట్టుకుని, తల ఎత్తకుండా పడవ అడుగునే చూస్తూ కూర్చుంది.

మొగ దాటి కొంచెం దూరం పోయాక అత్త మోటారు ఆపేసింది. ఆ చప్పుడు ఆగేసరికి వదిన భయపడిపోయింది. "ఏమైంది?"

"ఏం కాలేదు వదినా. పోయినేడు ఆయన ఈడే ఆపినాడు. సూడు మే, మీ ఊరు అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడ్లా. నేను సూసేంతసేపూ ఊరికే కూర్చున్నాడు" అంది అత్త. "నువ్వూ సూడు."

వదిన మెల్లిగా తలెత్తింది. పుట్టినప్పటి నుంచి ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసిన మనిషి, సముద్రంలోంచి ఒడ్డును చూసింది. ఇసుక, చిన్న చిన్న కప్పులు, ఒడ్డెక్కించిన పడవలు. ఏది ఎవరి ఇల్లో పోల్చుకోలేక చాలాసేపు వెతికింది. తర్వాత చెయ్యి చాపి, చిన్నపిల్లలా, "అదిగో, నా చీర!" అంది. నేనూ అటు చూశాను. దూరంగా ఒక పెరట్లో దండెం మీద పసుపుచీర ఒకటి గాలికి ఆడుతూ ఉంది.