కొంగు ముడి

బీరమ్మ మాటిమాటికి కొంగు కొసనున్న పొగాకు ముడిని తడిమి చూసుకుంటుంది. గొర్రెలను తోలుకుపోతున్నా, పొయ్యి ముందు కూర్చున్నా చెయ్యి అక్కడికే పోతుంది. దవాఖానలో కోడలు సుక్కమ్మ మంచం పక్కన కూడా అంతే. నెలలు నిండి దినాలు దాటినా సుక్కమ్మకు నొప్పులు రాలేదు. సీసాలోంచి రబ్బరు గొట్టం గుండా మందు ఎక్కిస్తున్నారు. గొట్టాన్ని నొక్కిపట్టే క్లిప్పు వదులైతే, వార్డు నర్సమ్మ దానిమీద పేలిక చుట్టి గట్టిగా ముడివేసింది.

"నొప్పులు లేపే మందు అవ్వా. చుక్క చుక్కనే పోవాలె. జర ఓపిక పట్టి కూసో."

"గొర్రె గూడ గింత సతాయించదు బిడ్డా."

"నీ కోడలు గొర్రె గాదు," అని నర్సమ్మ వెళ్లిపోయింది.

కాన్పు కష్టమైనచోట ముడి అన్నది ఉండకూడదు. గొర్రె ఈనలేకపోతే బీరమ్మ దొడ్డి తాళ్లన్నీ విప్పేది. ఇప్పుడు సుక్కమ్మ కొప్పు విప్పింది, చేతి తాయెత్తు విప్పింది, సద్దిమూట విప్పింది. ఇంకేం మిగిలిందని చుట్టూ చూసి, గొట్టం మీది పేలిక కూడా విప్పేసింది. చుక్కచుక్కగా పడుతున్న మందు ధార కట్టింది.

"అత్తా, నొప్పులొస్తున్నయ్."

"ఒస్తయ్ బిడ్డా. ఇగ ఆగవు."

ఆగలేదు. ఒకదాని మీద ఒకటి వచ్చి ఊపిరి తీసుకోనియ్యలేదు. నర్సమ్మ ఉరికొచ్చి గొట్టం పీకేసరికే లోపల గర్భసంచి పగిలింది. పొద్దుగుంకేలోపు తల్లీ లేదు, బిడ్డా లేదు.

మర్నాడు పొద్దున బీరమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగు తడుముకుంది. ముడి చేతికి తగిలింది.

"గీ ఒక్కటి ఇప్పక నిన్ను చంపుకుంటి బిడ్డా," అంది.

కొంగు కొసను ముడితో సహా చింపి పొయ్యిలో వేసింది.