పుట్టని ఎలుకపిల్లలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదనుకునేవాణ్ని. తెలిసి కూడా చెప్పని విషయం మాత్రం ఒకటుంది. ఎలుకల ఒంట్లోంచి ఒక జన్యువును మొత్తంగా తీసేద్దామన్న సలహా నాది. తిట్లు తిన్నది అక్క. (తోబుట్టువు కాదు, నెల్లూరు పక్కన మేం పనిచేసిన పరిశోధనశాలలో నాకు సీనియర్, తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలున్న ఇంటి మనిషి.)

కాలేయంలో కొవ్వు పేరుకోవడానికి ఆ జన్యువు కారణమా కాదా అన్నది అక్క థీసిస్. అది పనిచేయని ఎలుకలు కావాలి. ప్రతి కణంలోంచీ దాన్ని తీసేయడం సులువు, పని త్వరగా అవుతుంది. ఎలుక పెద్దయ్యాక, ఒక్క కాలేయంలోనే తీసేయాలంటే రెండు రకాల ఎలుకలను పెంచి, జతకట్టించి, చాలాకాలం ఓపిక పట్టాలి. అక్క రెండోదే మేలంది.

"కడుపులో పిల్ల పెరిగేదానికి గూడా ఆ జన్యువు కావాలేమో అబ్బయ్యా. గుంటలో ఒక మోటారు చెడిందని ఊరంతా కరెంటు తీసేస్తామా?"

"ఈ ఓపికతో నీ గడువు అయిపోతుందక్కా" అని ఆమె చుట్టూ జోరీగలా తిరిగాను. నిజంగానే గడువు దగ్గరపడిన మనిషి కనుక చివరికి సరేనంది. మా దగ్గర గైడు సార్ ముందు పెద్దవాళ్లే నోరు విప్పాలన్నది పద్ధతి. అందువల్ల నా సలహాను తన సలహాగా అక్కే చెప్పింది.

ఎలుకలు ఈనుతూనే ఉన్నాయి గానీ, ఆ జన్యువు పూర్తిగా పోయిన పిల్ల ఒక్కటీ పుట్టలేదు. అలాంటివన్నీ తల్లి కడుపులోనే చచ్చిపోతున్నాయని అక్క గ్రహించింది. నేను మాత్రం బోనులు మార్చాను, మేత మార్చాను, ఏసీ గదిలోని ఎలుకలకు రోహిణీ కార్తె వేడి తగిలిందని కూడా వాదించాను. ఏడాది వృథా అయ్యాక, ఈ మాత్రం ఆలోచన లేదా అని సార్ అందరి ముందూ అక్కను కడిగేశారు. ఆమె నావైపు చూడలేదు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. అక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆమె థీసిస్ పూర్తయ్యేలోపు నేను ఉద్యోగంలో కూడా చేరిపోయాను.

మొన్న నెల్లూరులో ఒక పెళ్లి భోజనాల్లో పక్కపక్కనే కూర్చున్నాం. ఇన్నేళ్లూ మనసులో దిద్దుకున్న మాటలు తడబడుతూ చెప్పాను. అక్క అప్పడం విరుచుకుంటూ, "నాకెందుకు చెప్తావు? నాకు ఆ రోజే తెలుసు గదా. అదిగో సారు, ఆయనకు చెప్పు" అంది.

సార్‌కు ఇప్పుడు వినికిడి తక్కువ. దగ్గరికి వెళ్లి నెమ్మదిగా చెబితే నన్ను ఆశీర్వదించారు. కాస్త గొంతు పెంచితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఇక తప్పదని, నెరిసిన మీసంతో, ఎంగిలి చేత్తో, బంతి మొత్తం తినడం ఆపి చూస్తుండగా అరిచాను.

"సార్, ఎలుకల్లో మొత్తం తీసేద్దామన్నది నేను! అక్క వద్దనే అనింది. మీరు అడిగిన రోజు నేను నోరు మూసుకున్నా. తప్పు నాది."

సార్ అక్క వైపు తిరిగారు. రెండు చేతులూ జోడించారు. అక్క కంగారుగా లేచి నిలబడింది. నేనూ అప్పుడే, ఈసారి అరవకుండా, "తప్పయిపోయిందక్కా" అన్నాను.