జేబు లేని చొక్కా

మా మామయ్యని ఫ్యాక్టరీలో అందరూ టేపు మాస్టారు అనేవాళ్లు. కొలత టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది. పెళ్లి ఫొటోలో కూడా కోటు కాలరు కింద నుంచి దాని తోక కనిపిస్తుంది. ఆ ఫొటో చూసినప్పుడల్లా అత్తయ్య, "ఈయన నాకంటే ముందే దాన్ని కట్టుకున్నాడు," అని దెప్పేది.

కింద హాల్లో ఆడవాళ్లు రోజుకి వేల చొక్కాలు కుట్టేవాళ్లు. మామయ్య పై గదిలో కూర్చుని రోజంతా ఒక్కటే కుట్టేవాడు. దాన్ని శాంపిలు అంటారు. అది సముద్రం దాటి, కొనే కంపెనీ బల్ల మీదకి వెళ్లేది. వాళ్లు సరే అంటే, దానికి జోడీగా కుట్టిన రెండో చొక్కాకి సీలు వేసి గోడకి తగిలించేవాళ్లు. ఆ తర్వాత దాన్ని ఎవరూ మార్చకూడదు. దారం పోగు వేలాడుతున్నా కత్తిరించకూడదు. కింద పుట్టే చొక్కాలన్నీ దాన్ని చూసే పుట్టాలి.

అతన్ని ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది మా అమ్మ. అమ్మది జేబుల లైను. చదువు అబ్బని తమ్ముణ్ణి దారాలు కత్తిరించే పనిలో చేర్పించి, భోజనాల వేళ తన మిషను మీద కూర్చోబెట్టి కుట్టు నేర్పింది. అతను కుట్టిన మొదటి జేబు వంకర పోతే విప్పించి, మళ్లీ కుట్టించింది, మళ్లీ విప్పించింది. తర్వాత్తర్వాత తమ్ముడు మేడెక్కాడని నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. నాన్న పోయాక ఆ జేబుల మీదే మేమిద్దరం బతికాం.

అలా ఉండగా సుంకం పడింది. మా ఊరి చొక్కాలు దాదాపు అన్నీ ఒకే దేశానికి వెళ్లేవి. ఆ దేశం వాళ్లు తమ రేవులో దిగే మా దేశపు ప్రతి చొక్కా మీదా దాని ధరలో నాలుగో వంతు పన్ను వేశారు. పేపర్లో దాన్ని రెండు దేశాల మధ్య పోరు అని రాశారు. ఆ పోరులో మా తరఫున ఎవరున్నారో రాయలేదు. పన్ను కట్టాల్సింది అక్కడ సరుకు దింపుకునే కంపెనీ. ఆ కంపెనీ తన దుకాణాల్లో ధర పెంచనంది. తన లాభం తగ్గించుకోనంది. ఇక మిగిలింది మేము.

మేనేజరు గోడ మీది చొక్కా తీసుకొచ్చి మామయ్య బల్ల మీద పడేశాడు. ఇదే చొక్కా కావాలి, చవగ్గా కావాలి, వేసుకునేవాడికి తేడా తెలియకూడదు అన్నాడు.

మామయ్య మొదలుపెట్టాడు. ముందు అడుగున కుట్టే అదనపు గుండీ పోయింది. తర్వాత వీపు మీది మడత పోయింది. రెండు వరసల కుట్టు ఒక వరసైంది. కాలరు లోపలి గట్టి గుడ్డ పలచనైంది. ప్యాంటులోకి దోపుకుంటే కనబడని చివరి గుండీ కూడా పోయింది. కొనే కంపెనీ మనిషిని మేము బయ్యరు అంటాం. ప్రతిసారీ బయ్యరు ఆ మార్పుని మెచ్చుకుని, చిన్న ఆర్డరు ఇచ్చి, ఇంకా తగ్గించమనేవాడు. చొక్కాలోంచి ఏదో ఒకటి పోయినప్పుడల్లా హాల్లోంచి కొందరు ఇంటికి పోయేవాళ్లు. వీపు మడతలు కుట్టే ఆవిడ ఏళ్ల తరబడి అమ్మ పక్కన కూర్చుని తిన్న మనిషి. వెళ్లిపోయే రోజున అమ్మ వైపు తిరిగి కూడా చూడలేదు.

జేబు మాత్రం అలాగే ఉంది. నిజానికి చొక్కాలో చాలా పని పట్టేది దానికే. గుడ్డ కొయ్యాలి, అంచు మడవాలి, ఇస్త్రీ చెయ్యాలి, గుండె మీద వంకర లేకుండా కూర్చోబెట్టాలి. అది తీసేస్తే బోలెడు ఖర్చు తగ్గుతుందని కుట్టు వచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు. మేనేజరుకి కుట్టు రాదు కాబట్టి తట్టలేదు. హాల్లో ఆడవాళ్లకి మొదటి రోజే తట్టింది.

అమ్మ వెళ్లి కూర్చుంటే భోజనాల బెంచీ ఖాళీ అయ్యేది. మేడ మీద తనకీ ఒక తమ్ముడుంటే బాగుండేదని ఒకావిడ అమ్మకి వినబడేలా అందట. అమ్మ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది. సాయంత్రం అది నేను తినేవాణ్ణి.

ఒక సెలవు రోజున మామయ్య మా ఇంటికొచ్చాడు. మంచం అంచు మీద కూర్చున్నాడో లేదో అమ్మ అందుకుంది.

"రేపు చేతులు కూడా పీకేస్తావేంట్రా? దానికంటే బనీన్లు పంపిస్తే పోయేదిగా."

మామయ్య నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"జేబు తీసెయ్," అంది.

"నీకు మతిపోయిందా అక్కా?"

"అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నార్రా. ముద్ద దిగట్లేదు."

"కొన్నాళ్లు ఓపిక పట్టు. ఇంకా ముంజేతి పట్టీ ఉంది. అందులో కొంత లాగొచ్చు."

"ఆ పట్టీ కుట్టేదానికి పిల్లల్లేరా?"

మామయ్య టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. వీడైనా అడ్డం చెబుతాడేమోనని నా వైపు చూశాడు. అమ్మ చెప్పింది న్యాయమే. ఆ న్యాయంతో ఇంట్లో పొయ్యి వెలగదు.

"కుట్టడం నేర్పింది నేనేగా. నేనే చెబుతున్నా, విప్పెయ్."

మర్నాడు మామయ్య జేబు లేని చొక్కా కుట్టి ఇచ్చాడు. మేనేజరు దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడట. ఇదేదో మొదటే చేసుంటే అంతమందిని పంపాల్సిన పని ఉండేది కాదు కదా మాస్టారూ అన్నాడట. ఈ మాట మామయ్య అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పాడు. అతను అన్నది నిజమేనంటావా అని అడిగాడు. మొదటే జేబు తీసేసినా బయ్యరు ఇంకా తగ్గించమనేవాడని అన్నాను. మామయ్య నమ్మలేదు.

బయ్యరు చాలా సంతోషించాడు. జోడీ చొక్కాకి సీలు పడింది, గోడకెక్కింది. జేబుల లైను మొత్తం లేచిపోయింది. అమ్మ తన మిషను తుడిచి, గుడ్డ కప్పి ఇంటికొచ్చింది.

ఆర్డరు మాత్రం రాలేదు. బయ్యరు మామయ్య కుట్టిన శాంపిలుని ఇంకో దేశానికి పంపాడు. ఆ దేశం సరుకు మీద సుంకం మాకంటే తక్కువ. మేము ఒక్కొక్క మనిషినీ తీసి చవక చేసిన చొక్కాని అక్కడ ఇంకా చవగ్గా కుట్టారు. కుట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. రేపు వాళ్ల చొక్కాల మీదా సుంకం వేస్తూ ఎవడో ఒకడు సంతకం పెడతాడు. కొన్నాళ్లకి మా ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. దాని వెనకే అట్టపెట్టెలు చేసే షెడ్డు, దారాల కొట్టు, గేటు ముందు టీ బండి పోయాయి. ఆడవాళ్లు అద్దెకుండే గదుల ముందు బట్టలారేసే తీగలు ఉత్తగా వేలాడుతున్నాయి.

మామయ్య ఇప్పుడు బజార్లో ఒక మేడ మెట్ల కింద మిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాడు, జిప్పులు మారుస్తాడు. గేటు మూసిన రోజు గోడ మీద మిగిలిన జోడీ చొక్కాని తెచ్చుకున్నాడు. దాన్నే ఉతికి ఉతికి వేసుకుంటాడు. ప్యాంటు మీద గుర్తు పెట్టిన సుద్దముక్కని పాత అలవాటు కొద్దీ గుండె మీద జేబులో వెయ్యబోతాడు. అది జారి, మెట్టుకి తగిలి విరుగుతుంది. మొన్న నేనూ అమ్మా వెళ్లినప్పుడు కూడా విరిగింది.

అమ్మ వంగి అతని చొక్కా అంచు పట్టుకుని చూసింది. లోపలి వైపు సీలు ముక్క ఇంకా ఉంది.

"ఇప్పి ఇవ్వరా. ఇంత గుడ్డముక్కుంటే జేబు వేసిస్తా."

మామయ్య మెల్లగా అంచు విడిపించుకున్నాడు.

"శాంపిలక్కా ఇది. మార్చకూడదు," అని, కింద పడ్డ సుద్దముక్కలు ఏరుకున్నాడు.