ఎటునుంచి పిలిచానో చెప్పు

మా పెద్దవాడికి నాలుగేళ్లు నిండిన చలికాలంలో నేను వాణ్ణి నమ్మడం మానేశాను. నాలుగేళ్ల పసివాణ్ణి నమ్మకపోవడం ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నా అనుమానం నాకు చాలా న్యాయంగానే కనిపించింది.

రియాద్‌లో, మలాజ్ అనే పేటలో, ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మావారు సివిల్ ఇంజనీరు. పొద్దున ఆరింటికి సైటుకు వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. కింది అంతస్తులో ఇంటి యజమానుల కుటుంబం ఉండేది. వాళ్లు తప్ప పలకరించే మనిషి లేదు. ఊరికి ఫోన్ చేయాలంటే కార్డు గీకి, ఆ నంబర్లన్నీ నొక్కి, నాలుగు మాటలు ఆడేలోపే అది అయిపోయేది.

పెళ్లికి ముందు గుంటూరులో ఏడాదిపాటు నర్సరీ టీచర్ ట్రైనింగ్ చేశాను. ఉద్యోగం చేసే యోగం లేకపోయింది. నేర్చుకున్నదంతా మావాడి మీదే ప్రయోగించాను. ఖర్జూరం గింజలు కడిగి ఎండబెట్టి పోగులు పెట్టించేదాన్ని. శనగలు, పెసలు, రాజ్మా కలిపేసి పళ్లెంలో పోస్తే వాడు కూర్చుని విడివిడిగా ఏరేవాడు. చపాతీ పిండిని తాడులా పొడుగ్గా చేసి ‘అ’ చుట్టేవాడు, అది ఎండిపోయి పగిలితే ఏడ్చేవాడు. కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె నెలరోజుల పాటు హాల్లో వాడి ఇల్లు. చేతులతో, కళ్లతో చేసే పని ఏదైనా వాడికి ఒక్కసారి చూపిస్తే చాలు.

మాట వినడం దగ్గరే తేడా వచ్చేది.

కర్టెన్ వెనక నిలబడి గిన్నె మోగించేదాన్ని, గ్లాసు మోగించేదాన్ని, తాళాలు ఆడించేదాన్ని. ఏమిటిదని అడిగితే తప్పు లేకుండా చెప్పేవాడు. అదే పిల్లవాడు పక్కనే కూర్చుని ఉన్నప్పుడు పిలిస్తే పలికేవాడు కాదు. ఒకరోజు వంటింట్లోంచి మెల్లగా పిలిచినా పరుగెత్తుకొచ్చేవాడు. మరుసటి రోజు మంచం మీద నా పక్కనే పడుకుని, నాలుగుసార్లు పిలిచినా కదలడు. చెవిటివాడైతే ఎప్పుడూ వినపడకూడదు కదా? అలా లెక్క వేసుకుని, వీడు కావాలనే నటిస్తున్నాడని తేల్చుకున్నాను.

మావారితో చెబితే నవ్వేశారు. “మగపిల్లలు అంతే. మా అమ్మ నన్నూ ఇలాగే అనేది.”

నాకు నవ్వు రాలేదు. కడుపుతో ఉన్నాను, ఏడో నెల. ఒళ్లంతా విసుగు. పిలిచి పిలిచి, చివరికి దగ్గరికి వెళ్లి చెవి మెలిపెట్టేదాన్ని. వాడు ఉలిక్కిపడి నా మొహంలోకి చూసేవాడు. ఆ ఉలికిపాటు కూడా నటనే అనుకున్నాను.

రెండోది పాప. ఆపరేషన్ చేసి తీశారు. పురుటికి రావాలని మా అమ్మ ఎంత అనుకున్నా వీసా సమయానికి రాలేదు. నేను గోడ పట్టుకుని నడుస్తుంటే చూసి, కింది ఇంటి పెద్దావిడకు జాలేసింది. వాళ్లింట్లో పనిచేసే తెలుగు మనిషిని రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత రెండు గంటలు మా ఇంటికి పంపుతానని సైగలతో చెప్పింది.

ఆ వచ్చినామెది కడప పక్క ఒక పల్లె. నలభై ఏళ్లుంటాయి. వచ్చి మూడేళ్లయిందట. పైకి వచ్చిన మొదటి రోజు చెప్పులు గుమ్మం బయట విడిచి, తలమీది నల్లగుడ్డ సర్దుకుని, “యేం పని జెయ్యాల్నో సెప్పు మా” అంది. పాత్రలు చాలని, మిగిలిన సమయం పిల్లవాణ్ణి ఆడించమని చెప్పాను. ఆమెను పెద్దమ్మ అని పిలవమని వాడికి చెప్పాను.

పది రోజుల్లో వాడు ఆమెకు అతుక్కుపోయాడు. అది నాకు సంతోషం కలిగించాల్సిన విషయమే. కలిగించలేదు. పాప నిద్ర లేస్తుందని ఆమె హాలు తలుపు దగ్గరగా వేసేది. లోపలినుంచి నవ్వులు వినిపించేవి. కుట్లు నొప్పి పెడుతున్నా లేచి వెళ్లి సందులోంచి చూసేదాన్ని. నేను చేయించిన పోగులన్నీ చెదిరిపోయి ఉండేవి. ఆ ఖర్జూరం గింజలతో ఇద్దరూ అచ్చనగాయలు ఆడుతుండేవాళ్లు. ఒక గింజ పైకి ఎగరేసి, అది కిందపడేలోపు రెండు, తర్వాత మూడు ఊడ్చి పట్టాలి. వాడు మూడు దాకా వచ్చేశాడు. నేను నెలరోజులు చెప్పిన లెక్కలకంటే ఆ ఆటలోనే వాడికి అంకెలు ఎక్కువ అంటుకున్నాయని గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా గమనించాను. ఆమె వాడి చెవిలో గుసగుసలాడేది. వాడు తలూపి, లేచి వెళ్లి ఏదో తెచ్చి ఇచ్చేవాడు, ఒకసారి ఎర్ర స్పూను, ఒకసారి నా చెప్పు. మళ్లీ వెళ్లి ఆమె పక్కన, ఎప్పుడూ అదే పక్కన కూర్చునేవాడు. నేను గదిలోకి వెళ్తే గుసగుస ఆగిపోయేది.

నాలుగేళ్ల పిల్లవాడితో రహస్యాలేమిటి? నా చెప్పు ఎక్కడుందో, బీరువా తాళం ఎక్కడుందో తెలుసుకోవడానికా? ఆ రాత్రే బీరువా తాళం దిండు గలీబులోకి మార్చాను.

ఒకరోజు ఆమె వెళ్లిపోయాక, వాడి కుడి చెవి చుట్టూ ఎర్రగా, అర్ధచంద్రంలా, ఒక గుర్తు కనిపించింది. “ఏమైందిరా?” అంటే, “పెద్దమ్మ ఆడింది” అన్నాడు. మరో మాట చెప్పలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం వాడు గుడ్డబొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. బొమ్మ చెవి పట్టుకుని మెలిపెట్టి, పళ్లు కొరుకుతూ, “చెవులు లేవా నీకు? లేవా?” అని దాని చెంపమీద ఒక్కటి వేశాడు.

పిల్లలు ఆటలో చూసిందే చూపిస్తారని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. వీడు ఎవరిని చూసి నేర్చుకున్నాడో నాకు క్షణంలో తెలిసిపోయింది, లేదా తెలిసిపోయిందని అనుకున్నాను.

సాయంత్రం ఆమె రాగానే గుమ్మంలోనే ఆపాను.

“వాణ్ణి కొడుతున్నావా నువ్వు?”

ఆమె మొహం పాలిపోయింది. “ల్యా మా. నేనెందుకు కొడ్తా?”

“చెవి మీద ఆ గుర్తేమిటి? తలుపు వేసుకుని గుసగుసలేమిటి?”

ఆమె నోరు తెరిచింది. ఏదో చెప్పబోయిందని నాకు ఈనాటికీ గుర్తే. మళ్లీ మూసుకుంది. “నేను కొట్టల్యా మా. ఆ పైన నీ ఇష్టం” అని, చెప్పులు వేసుకుని దిగిపోయింది. చెప్పడానికి ఉండి కూడా చెప్పలేదంటే తప్పు చేసిందనేగా అనుకున్నాను.

మావారు వద్దన్నారు. “కింద ఒక్క మాట చెబితే ఆవిడ గతేమవుతుందో ఆలోచించావా? ఇక్కడ ఉండనిచ్చే ఇకామా వాళ్ల చేతిలో, పాస్‌పోర్టు వాళ్ల చేతిలో.”

కొట్టిందని చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు కూడా. మర్నాడు కిందికి వెళ్లి, నాకు ఒంట్లో బాగుంది, ఇక ఎవరూ అక్కర్లేదని, “ఖలాస్, ఖలాస్” అని చేతులు దులిపి చూపించాను. పెద్దావిడ కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. “హరామీ?” అని అడిగింది, ఏమైనా దొంగిలించిందా అని. వెంటనే కాదనాల్సింది. నేనొక్క క్షణం ఆగాను. ఎందుకు ఆగానో నాకే తెలియదు. ఆ తర్వాత కాదన్నానుగాని, పెద్దావిడ అప్పటికే తల పంకించేసింది.

వారం గడిచింది. వాడు రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడేవాడు. నాలుగో రోజు నుంచి నిలబడడం మానేసి, అట్టపెట్టెలో దూరి పడుకునేవాడు. వాణ్ణి ఎలాగైనా నావైపు తిప్పుకోవాలని ఒక ఆట మొదలుపెట్టాను. కళ్లకు గంతలు కట్టి, హాల్లో నాలుగు మూలల నుంచి పిలుస్తాను. ఎటునుంచి పిలిచానో వేలితో చూపించాలి.

కుడి మూల నుంచి పిలిచాను. కుడివైపు చూపించాడు. ఎడమ మూల నుంచి పిలిచాను. కుడివైపే చూపించాడు. ఎదురుగా నిలబడి పిలిచినా కుడివైపే. ఆటలో తొండి చేస్తున్నాడని కోపం వచ్చింది. దగ్గరికి వెళ్లి ఎడమ పక్కన మోకాళ్లమీద కూర్చుని, వాడి ఎడమ చెవిలో గుసగుసగా, “బిస్కట్ కావాలా?” అన్నాను.

వాడు కదల్లేదు. గంతల కింద మొహం ఓపిగ్గా, నేనింకా పిలవలేదన్నట్టు ఉంది.

మళ్లీ అన్నాను. నా ఊపిరి తగిలిందేమో, తలతిప్పి కుడి చెవి నాకు అప్పగించాడు. “ఆ చెవిలో కాదమ్మా. ఇందులో చెప్పు. పెద్దమ్మ ఇందులోనే చెప్తుంది.”

గంతలు విప్పాను. గడియారం తెచ్చి కుడి చెవి దగ్గర పెడితే నవ్వాడు. ఎడమ చెవి దగ్గర పెడితే నా మొహం చూస్తూ, నవ్వాలా వద్దా అని ఆలోచించాడు. గుర్తు సంగతి అప్పుడు అడిగాను. వాడు అట్టపెట్టెలోంచి దారం కట్టిన రెండు పెరుగు డబ్బాలు తెచ్చాడు. ఒకటి కుడి చెవికి గట్టిగా, అంచు దిగేలా నొక్కిపెట్టి, రెండోది నా చేతికిచ్చి, “హలో అను” అన్నాడు.



ఆసుపత్రిలో చూసింది ఒక పాకిస్తానీ డాక్టరు. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేయించి, కాగితం మా ముందుంచారు. ఎడమ చెవి దాదాపు పూర్తిగా పోయింది. కుడి చెవి బాగుంది. పక్కన కూర్చుని పిలిస్తే పలకకపోవడానికి, వంటింట్లోంచి పిలిస్తే రావడానికి కారణం నేను ఏ పక్కనున్నాను, వాడు ఏ చెవి దిండుకు ఆనించాడు అన్నదే. పుట్టుకతోనైనా అయ్యుండవచ్చు, ముందు ఏడాది వచ్చిన గవదబిళ్లల వల్లయినా కావచ్చు, ఇప్పుడు తేల్చలేం అన్నారు.

“ఎవరైనా కొడితే ఇలా అవుతుందా?” అని నా హిందీలో అడిగాను.

ఆయన కాగితం మీదినుంచి తలెత్తారు. నన్ను చూశారు, వాణ్ణి చూశారు, మళ్లీ నన్ను చూశారు. “ఇంట్లో ఎవరు కొడతారు ఈ పిల్లవాణ్ణి?”

ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను ఒకరిని అలాగే చూసి పది రోజులు కూడా కాలేదు. మావారు నేలచూపులు చూశారు. తిరిగొస్తూ కారులో బొమ్మ సంగతి ఆయనకు మొదటిసారి చెప్పాను. ఆయన సిగ్నల్ దగ్గర బండి ఆపి, మెల్లగా అన్నారు. “చెవులు లేవా నీకు అనేది నువ్వే కదా.”

ఇంటికి వచ్చాక పాపను ఆయనకిచ్చి కిందికి దిగాను. ఆమె వెనక గుమ్మం దగ్గర ఉల్లిపాయలు కోస్తోంది. సామాన్ల గదికి కొత్త తాళం వేలాడుతోంది. అది ఎప్పుడు వేశారో అడగనక్కర్లేకపోయింది.

“వాడికి ఒక చెవి వినపడదట” అన్నాను.

“నాకు తెల్సు మా.” కత్తి ఆపలేదు. “మొదటి వారంలోనే తెల్సింది. మా తమ్మునికీ అట్లనే ఉండె. పక్కన కూసున్నోడు పిల్చినా పలకడు, గోడవతల గువ్వ అరిస్తే తిరుగుతాడు. అందుకే నేను కుడిపక్క కూసునేది. చెవిలో సెప్పి, సెప్పిన వస్తువు తెమ్మంటి. డబ్బాల ఆట నేర్పిస్తి. ఎంత ఇనపడ్తాదో సూస్తామని.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

ఇప్పుడు తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, ఉల్లిపాయలవో మరెందుకో నాకు తెలియదు. “సెప్తే నువ్వేమంటావు? నా కొడుకు బాగుండె, నువ్వొచ్చినాకనే చెవి పోయింది అంటావు. కింద పెద్దామె, ఆ మామా కబీర్, ఏమంటాది? నేను సెప్పకముందే అన్నావు గదా, కొట్నావని.”

క్షమించమన్నాను. ఆమె ఉల్లిపాయలు గిన్నెలోకి తోసి, “అడ్డం జరుగు మా” అని లోపలికి వెళ్లింది.

పెద్దావిడ దగ్గర కూర్చుని, నాకు వచ్చిన అరవై అరబ్బీ మాటలూ వాడి, ఆమె ఏమీ తీయలేదని, తప్పు నాదని చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. తాళం మాత్రం తీయలేదు. కానీ రెండు రోజుల తర్వాత ఆమెను పైకి పంపించింది. ఆమె లోపలికి వచ్చి, ముందు హాలు తలుపు బార్లా తీసి, కదలకుండా ఒక ఇటుకముక్క అడ్డం పెట్టింది. ఆ తర్వాతే వాడి పక్కన కూర్చుంది. ఆపైన వచ్చిన తొమ్మిది నెలలూ ఆ తలుపు తెరిచే ఉంది. నేను వెళ్లి వాళ్ల దగ్గర కూర్చుని ఆడడం మొదలుపెట్టినా, ఆమె నాతో పిల్లవాడి ఆటల గురించి తప్ప మరో సంగతి మాట్లాడలేదు. నన్ను నమ్మలేదు. నమ్మమని అడిగే మొహం నాకూ లేదు. పని గడువు ముగియగానే ఊరికి వెళ్లిపోయింది.

తర్వాతి ఏప్రిల్‌లో వాణ్ణి బడిలో వేశాం. ముందు వరసలో, కుడి చెవి టీచరు వైపు ఉండేలా, ఎడమ గోడ పక్కన కూర్చోబెట్టమని అడిగాను. మొదటి రోజు ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, పక్కసీటు పిల్లవాడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి మూడు పెన్సిళ్లున్నాయట, ఒకటి ఇస్తానన్నాడట, మలయాళంలో ఏదో పాట పాడాడట. నేను వాడి కుడిపక్కన కూర్చుని అన్నం కలుపుతూ అంతా విన్నాను.