గాజుకు అతుక్కుపోయిన పాటగత్తెలు

2023 ఆగస్టు. మస్కట్‌లో దార్సైట్ దగ్గర ఫ్రేములు కట్టే దుకాణంలో నా పని. మధ్యాహ్నం షట్టర్ సగం దించాక సత్యవతి వంగి లోపలికొచ్చింది. కోనసీమ మనిషి, ఒక హైదరాబాద్ వాళ్ళింట్లో పని చేస్తుంది. చేతుల్లో దుప్పటి చుట్టిన పటం.

అది జపాన్ వుడ్‌బ్లాక్ ప్రింట్. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు వేస్తారు. ఆ రంగుకు నీళ్ళు పడవు. వానలో ముగ్గురు ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు. వెనకామె చెయ్యి ముందామె భుజం మీద, వీపున తంతి వాయిద్యాలు. కింది అంచు తడిసి గాజుకు అతుక్కుపోయింది. నీలం రంగు కరిగి పాదాల మీదికి పాకింది.

"నీళ్ళెలా పోయాయి?"

"కళ్ళు మూసుకునున్నారు కదక్కా, ముగ్గురప్పచెల్లెళ్ళు, అమ్మవార్లనుకున్నాను. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డెట్టి తుడిచి, గాజుకి బొట్టెడతన్నాను."

ఇంటివాళ్ళు సెలవుకు వెళ్ళారు. మర్నాడే రాక. పటం మేడమ్‌గారి నాన్నది.

"నా బతాకా కార్డు రద్దు చేయించి ఇంటికంపేత్తే పిల్లల చదువాగిపోద్ది. లాగేసి, మరక మీద అట్ట కప్పెయ్యక్కా."

ఆ అట్టను మౌంట్ బోర్డ్ అంటాం. కప్పితే నిజంగానే కనిపించదు. సన్నకత్తి తీసుకున్నాను. వెలుతురుకు పట్టి చూస్తే కాగితం గాజును చర్మంలా పట్టుకుని ఉంది. లాగితే పాదాలు గాజు మీదే ఉండిపోతాయి. కత్తి కింద పెట్టాను.

"మేడమ్‌కి ఫోన్ చెయ్."

"సంపేత్తారక్కా."

"చిరిగితే ఇద్దరం ఇంటిదారి పట్టాల్సిందే."

ఆమె ఫోన్ తీసుకుని నంబరు నేనే నొక్కి స్పీకర్ పెట్టాను. సత్యవతి ఏడుస్తూ అంతా చెప్పింది. మేడమ్ ఒకటే అడిగారు.

"లాగారా?"

"లేదండి," అన్నాను.

"ఇంకెవరూ చెయ్యి పెట్టకండి. సత్యవతీ, వాళ్ళు అమ్మవార్లు కారు. చూపులేని వాళ్ళు. పాటలు పాడుకుంటూ ఊరూరా తిరిగి బతికేవాళ్ళు."

"తెలీదండమ్మా."

"నాన్న చెప్పేదాకా నాకూ తెలీదు. రేపు వచ్చి మాట్లాడతాను."

ఆ రాత్రి మేమిద్దరం ఎలా పడుకున్నామో మాకే తెలుసు. మేడమ్ వచ్చి పటాన్ని గాజుతో సహా కాగితాలు బాగుచేసేవాళ్ళ దగ్గరికి పంపారు. పాదాల రంగు తిరిగి రాలేదు. సత్యవతి ఆ ఇంట్లోనే ఉంది.

అతుక్కున్న కాగితాన్ని లాగకూడదని మా పనిలో మొదటి రోజే చెబుతారు. ఎదుటి మనిషి బతిమాలుతుంటే ఆ మాట ఎంత తొందరగా మరిచిపోతామో ఆ రోజు చూశాను. ఇప్పుడు అలా ఎవరైనా వస్తే, ముందు కత్తి సొరుగులో పెట్టేస్తాను.