సీటు కింది మీట

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజుల్లో, జోర్డాన్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక కడపాయన కూర్చున్నాడు. కువైట్‌లోనే అర్దియా అనే పేటలో, ఒక షెడ్డులో, సొంతంగా బొమ్మ గీసుకుని, రేసుల కోసం మోటారుసైకిలు తయారుచేశాడట. సైనికులు ఆయన కళ్లముందే దాన్ని తోలుకుపోయారు.

"టీవీలో రేసులన్నీ చూస్తానన్నా. తోలినోణ్ణే చూపిస్తారు, బండి చేసినోణ్ణి చూపియ్యరు. అయినా నా బండిని ఒక్కసారి అందులో చూడాలనుకుంటి," అన్నాడు.

కోతలు కోయడంలో మా కోనసీమలో నా తర్వాతే ఎవరైనా. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగితే నీళ్లకి దిగి, తిరిగొచ్చి మొదలెట్టాను.

"సైనికుల గదిలో టీవీ చూసొచ్చానండి. రేసండి! మీ బండే ముందండి, ఒంటెలు కూడా పక్కకి తప్పుకుంటున్నాయండి!"

ఆయన నవ్వాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

"దొంగలు తోలకుండా పెట్రోలు మీట సీటు కింద దాచినానన్నా. అది తిప్పకుంటే నాలుగు వీధులు దాటదు. యాడనో ఇసుకలో పారేసింటారు. తోలుకుపోయేటప్పుడు నేను నోరు తెరిచి వాళ్లకు చెప్పింటే, ఎవురి కిందనో పరిగెత్తేది గదా."

బస్సు కదిలింది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమ చెయ్యి, ఒళ్లోనే, లేని క్లచ్చును నొక్కుతూ ఉంది.